కోరుట్ల నుంచి కనబడని పోగులు

రిమోట్ డెస్క్‌టాప్ అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో కూర్చుని పని చేసుకోవచ్చు, అంతకన్నా హాయి ఏముంది అంటారు. ఆ హాయి ఏపాటిదో నన్నడగండి, చెబుతాను.

పెళ్లికి ముందు నాకు సిరిసిల్లలో, మా బాపు సాంచ నడిపే షెడ్డులోనే ఉద్యోగం. ఆయన ఆ సాంచ మీద, అంటే మరమగ్గం మీద, చీర నేస్తుంటే, నేను పక్క గదిలో కంప్యూటర్ మీద ఆ చీర అంచుకు డిజైన్ గీసేదాన్ని. పెళ్లయి కోరుట్లకు వచ్చాక పని మానేస్తానంటే షెడ్డు యజమాని సేటు ఒప్పుకోలేదు. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే నడుస్తుంది కాబట్టి దానికి రిమోట్ పెట్టించాడు. నేను కోరుట్లలో మౌస్ కదిపితే సిరిసిల్లలో బాణం కదలాలి. ఎక్కడ కదిలి చచ్చేది! మా ఇంటి నెట్‌కు అది మూడు క్షణాలు ఆలోచించి గానీ కదిలేది కాదు. రంగులు తగ్గించి, బొమ్మ నాణ్యత తగ్గించి, అక్కడి పెద్ద తెరను నా చిన్న ల్యాప్‌టాప్‌లో ఇరికిస్తే ఆ మాత్రమైనా నడిచేది.

డిజైన్ అంటే గళ్ల కాగితం లాంటిదే. జరీ పువ్వు నిండుగా ఉన్నచోట మధ్యమధ్యలో చుక్కలు పెట్టాలి. చుక్క ఉన్నచోట జరీ పోగు కిందికి దిగి బట్టను పట్టుకుంటుంది. చుక్క లేకపోతే పోగు పైన వదులుగా తేలిపోతుంది, చేతి గాజు తగిలినా లేచి వస్తుంది. ఆ రోజు చుక్క కోసం నొక్కితే తెర మీద ఏమీ పడలేదు. మళ్లీ నొక్కాను. ఒకసారి నొక్కితే చుక్క పడుతుంది, అక్కడే మళ్లీ నొక్కితే చెరిగిపోతుంది. ఇది నాకు తెలియని సంగతేం కాదు. విసుగులో ఎక్కడ ఎన్నిసార్లు నొక్కానో నాకే గుర్తులేదు. తెర మసకగా ఉన్నా చుక్కలు ఉన్నట్టే అనిపించింది. సేవ్ చేసి చేతులు దులుపుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బాపు షెడ్డు నుంచి ఫోన్ చేశాడు.

“బిడ్డా, పువ్వుల పోగు తేలుతుంది. చుక్కలు వడనట్టున్నయ్. జెర సూడు.”

ఫోన్ స్పీకర్ మీద ఉంది. “ఏందీ, డిజైనే తప్పా?” అని పక్క నుంచి సేటు గొంతు. ఆ మాట నన్ను పొడిచింది. రిమోట్ తెరిచి చూశాను. చుక్కలున్నట్టే ఉన్నాయి. బొమ్మను పెద్దది చేసి చూస్తే తెలిసిపోయేది. కానీ పెద్దది చేస్తే తెర ముక్కముక్కగా నిండుతూ వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. నాకంత ఓపిక లేకపోయింది. అబద్ధమెందుకు, ఓపిక కాదు, పొగరు.

“నాకీడ మంచిగనే కనవడ్తుంది. నువ్వే నీ కండ్లు సూపిచ్చుకో బాపూ,” అన్నాను.

అటు నుంచి సేటు నవ్వు వినిపించింది.

“ఇన్నవా? నీ బిడ్డనే జెప్తుంది. కండ్లు కనవడక పోగులు తెంపుకుంట డిజైన్ మీదికి నెడ్తున్నవ్.”

ఆ వారమే బాపును సాంచ మీంచి దింపేశారు. ముప్పై ఏళ్లు మగ్గం నడిపిన మనిషిని మూలన కూర్చోబెట్టి రాట్నం మీద నూలు కండెలు చుట్టమన్నారు. నేనేమో ఆయన్ను జగిత్యాలలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను, పెద్ద ఘనకార్యం చేస్తున్నట్టు. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, ఈ వయసుకు ఇంతకన్నా మంచి చూపు ఉండదు, వాడుతున్న అద్దాలే చాలు అన్నాడు. అయితే తప్పు నా డిజైన్‌లోనేనా అని అప్పుడు అనుమానం వచ్చింది. బాపు మాత్రం నమ్మలేదు. ఇంకోసారి చూడమని డాక్టరును బతిమాలాడు.

అటునుంచి అటే ఆయనతో పాటు సిరిసిల్ల బస్సెక్కాను. షెడ్డులో ఆ పెద్ద తెర ముందు కూర్చుని డిజైన్ తెరిచాను. పువ్వంతా పసుపు రంగు ముద్ద. చుక్కలు అక్కడొకటి ఇక్కడొకటి తప్ప లేవు. కోరుట్లలో నేను చుక్కలనుకున్నది నెట్ అలికి చూపించిన మసక. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి సేటు దగ్గరికి వెళ్లి, తప్పు నాదని చెప్పాను.

“అయితే సరిజేసి పో,” అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా.

“మా బాపును మల్ల సాంచ మీద వెట్టుండ్రి సేటూ.”

“గా సాంచ ఇంకొగలకిచ్చిన. ఇప్పుడు గాయిన్ని దింపుమంటవా? అయినా కండ్లు కనవడ్తలేవని నేనన్ననా? నువ్వే అంటివి గదా.”

వాడి మీద పిడికెడు దుమ్మెత్తి పోయాలనిపించింది, కానీ ఆ మాట నాదే. పాడైన చీర ముక్క తీసుకుని మూలనున్న బాపు దగ్గరికి పోయాను.

“బాపూ, నువ్వు జెప్పిందే నిజం. చుక్కలు లెవ్వు. తప్పు నాది.”

ఆయన రాట్నం ఆపి ముక్క అందుకున్నాడు. వెలుతురుకు తిప్పి పట్టుకుని చాలాసేపు చూశాడు. తేలిన పోగులు నాకు నిలబడ్డ చోటు నుంచే కనిపిస్తున్నాయి.

“నువ్వు గట్లన్నంక నేను మల్ల మల్ల సూసిన బిడ్డా. సూడంగ సూడంగ నాగ్గూడ మంచిగనే కనవడ్డది,” అన్నాడు. తర్వాత ముక్కను నా చేతికి తిరిగి ఇచ్చేశాడు. “ఇప్పుడు తేలుతున్నయా, లేవా? నువ్వే సూసి జెప్పు.”