పుర్రచేతి జాయ్‌స్టిక్

అంతరిక్షంలో ఓడ నడపడానికి మౌస్ పనికిరాదని మా ఇంట్లో మొదట కనిపెట్టింది మా పెద్దమ్మ. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. కొత్తపేట దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేది. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే చాలు, పిల్లలు గబగబా సూత్రాలు వల్లె వేసుకునేవాళ్లు. అలాంటి మనిషి సాయంత్రం ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, టీ తాగి, కంప్యూటర్ ముందు కూర్చుని చుక్కల మధ్య ఓడ నడుపుతుందని చెబితే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. చెప్పినట్టు తెలిస్తే నా తోలు ఒలిచేది.

పెద్దమ్మ పెళ్లి చేసుకోలేదు. అమ్మమ్మా తనూ ఒకచోటే ఉండేవాళ్లు. అమలాపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో నాకు పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికాక, బస్సు వసతి బాగుంటుందని నేనూ వాళ్లింట్లోనే చేరాను. పెద్దమ్మ కంప్యూటర్ కొన్నది మార్కుల జాబితాలు వేసుకోడానికి. ఆట మాత్రం నేను పెట్టిన అంటు. సెంటర్లో కుర్రాళ్లు విసుగొచ్చి వదిలేసిన పాత ఆట ఒకటి సీడీలో ఉంటే తెచ్చి ఎక్కించాను. అందులో గ్రహాలకి కూడా మూలలుండేవి. బొమ్మలు చూస్తే జాలేసేది. కానీ ఆ ఆటలో ఓడ నిజమైన ఓడలాగే కదిలేది. ఇంజను ఆపినా ఆగదు. ముక్కు పక్కకి తిప్పినా ఒళ్లంతా పాత దారినే జారుకుంటూ పోతుంది.

"ఈ ఆట తయారుచేసినోడికి జడత్వం అంటే ఏంటో తెలుసే," అంది పెద్దమ్మ మొదటిరోజే, నూటికి నూరు వేసినట్టు. ఆవిడ అంత తేలిగ్గా ఎవరికీ మార్కులు వేసే రకం కాదు.

ఆటలో అన్నిటికన్నా కష్టమైన పని, గిర్రున తిరుగుతున్న అంతరిక్ష స్టేషన్ లోపలికి ఓడని తీసుకెళ్లి ఆపడం. నేను వేగంగా వెళ్లి గోడకి కొట్టుకునేదాన్ని. పెద్దమ్మ నా తల మీద ఒక్క మొట్టికాయ వేసి చెప్పేది.

"కోటిపల్లి రేవులో గోదారి దాటే పంటు ఎక్కినప్పుడు చూళ్లేదా? రేవు దగ్గరకొచ్చేక ఇంజను ఆపుతాడా? అంత దూరంలోనే ఆపేసి ఊరుకుంటాడు. మిగతాది ఆ ఊపే తీసుకెళ్తది."

చెప్పడం వరకూ ఆవిడని మించినవాళ్లు లేరు. ఎప్పుడు ఇంజను ఆపాలో, ఎంత ముందుగా ఓడని వెనక్కి తోయాలో నోటి లెక్కలోనే తేల్చేసేది. చేతికి వచ్చేసరికే ఇబ్బంది. మౌస్ బల్ల చివరికి వచ్చేస్తుంది, ఎత్తి మళ్లీ పెట్టేలోపు ఓడ దాని దారి అది చూసుకుంటుంది. కీబోర్డు మీటలు నొక్కితే పూర్తిగా తిరగడమో అసలు తిరక్కపోవడమో తప్ప మధ్యరకం లేదు. ఇలాంటి ఆటలకి జాయ్‌స్టిక్ అని ఒక కర్ర ఉంటుందని నేనే చెప్పాను. పెద్దమ్మ మర్నాడే ఎస్‌టీడీ బూత్‌కి వెళ్లి మావయ్యకి ఫోన్ చేసింది.

మావయ్య అమ్మమ్మ ఆఖరి కొడుకు. గల్ఫ్‌లో ఒక కంపెనీ గోదాములో పనిచేసేవాడు. పెద్దక్క తనకోసమని నోరు తెరిచి ఒక వస్తువు అడగడం అదే మొదటిసారని ఇప్పటికీ చెబుతాడు. అందుకే సెలవు మీద వచ్చేటప్పుడు షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దదీ ఖరీదైనదీ చూసి తెచ్చాడు. సెంటు సీసాలూ పాలపొడి డబ్బాలూ తీశాక, పెట్టె అడుగు నుంచి దాన్ని రెండు చేతులతో పైకెత్తాడు. నల్లగా, బలంగా, ఒంటినిండా మీటలతో ఉంది. పిడి మన చేతిని చూసి పోత పోసినట్టు గుంటలు, మిట్టలు తేలి ఉంది.

"ఇదేంట్రా, రుబ్బురోలు పొత్రంలాగుంది," అంది అమ్మమ్మ.

"దీనితోటి ఇమానం కూడా నడిపేయొచ్చే అమ్మా," అన్నాడు మావయ్య.

బిగించే పని నాది. కంప్యూటర్ వెనక సౌండ్ కార్డుకి దాని తీగ తగిలించాను. కింద ఉన్న రబ్బరు గిన్నెలు మా చెక్కబల్లని అంటిపెట్టుకోలేదు, కర్ర లాగినప్పుడల్లా బల్ల మీద షికారు చేసేది. చివరికి పెళ్లిళ్లలో వడ్డనకి వాడే స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద అతికిస్తే గట్టిగా పట్టుకుంది. పళ్లెం పెద్దమ్మ ఒళ్లో పెట్టుకునేది. ఇక కర్రకి మధ్య ఏదో, అంచులు ఏవో ఆటకి నేర్పాలి. పాత ఆటలకి ఆ పాఠం తెరిచిన ప్రతిసారీ చెప్పాల్సిందే. కర్రని ఒక మూలకి, ఇంకో మూలకి తోసి, తర్వాత మధ్యలో వదిలేసి మీట నొక్కాలి. తెర మీద చిన్న కూడిక గుర్తు గడి మధ్యలో నిలబడితే సరిపోయినట్టు.

మాకు నిలబడలేదు. నేను పట్టుకుంటే బాగానే ఉండేది, పెద్దమ్మ పట్టుకోగానే కూడిక గుర్తు కుడివైపు జారిపోయేది. ఆటలో ఓడ తాగుబోతులా పక్కకి ఒరిగి వెళ్లేది. స్టేషన్ గుమ్మం దాకా లెక్కంతా సరిగ్గా నడిపి, ఆఖరి క్షణంలో గోడకి కొట్టేసేది. నేను సౌండ్ కార్డుని తిట్టాను, తీగని తిట్టాను, మధ్యలో పోయే కరెంటుని తిట్టాను. తను తెచ్చిన వస్తువుకి వంక పెడుతున్నానని మావయ్య మొహం ముడుచుకున్నాడు. పెద్దమ్మ మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు, తప్పంతా తన మీదే వేసుకుంది.

"నా చెయ్యి మొదట్నుంచీ మొద్దేలే. బోర్డు మీద గుండ్రం గీస్తే గుమ్మడికాయ వస్తది. నువ్వు ఎల్లేటప్పుడు దీన్ని పట్టుకెళ్లిపోరా తమ్ముడూ. ఎవరన్నా కుర్రోళ్లకి ఇచ్చెయ్యి. నావల్ల కాదు."

నావల్ల కాదు అనే మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. మొగుడు లేకుండా బతకలేవని ఊరంతా అన్నప్పుడు అనలేదు. మగ టీచర్లే జడిసే పదో తరగతి సెక్షన్ అప్పగించినప్పుడు అనలేదు. ఒక ఆట దగ్గర ఆ మాట అంటుంటే నాకు భయం వేసింది. మావయ్య సెలవు అయిపోవస్తోంది. ఆ కర్ర పెట్టెలోకి వెళ్లిందంటే కంప్యూటర్ మీద మళ్లీ గుడ్డ కప్పేస్తుంది, ఇక దాంట్లో మార్కుల జాబితాలే మిగులుతాయి. ఆవిడ తన కోసం కోరుకున్న ఒకే ఒక్క సరదా, చేతకానిదాన్నన్న ముద్రతో ముగిసిపోతుంది. నాకు అది ఇష్టం లేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక, ఆఖరిసారి ఆడమని నేనే బతిమాలి కూర్చోబెట్టాను. మావయ్య పక్కనే కుర్చీలో కునుకుతున్నాడు, అమ్మమ్మ గుమ్మం దగ్గర నులకమంచం మీద నడుం వాల్చింది. ఓడ స్టేషన్ దాకా వెళ్లింది. మామూలుగానే పక్కకి ఒరిగింది. గోడ తెరంతా నిండిపోయేసరికి పెద్దమ్మ "అమ్మో" అంది. పళ్లెం అంచు పట్టుకున్న ఎడమచెయ్యి ఒక్క ఉదుటున లేచి, కుడిచేతి మీదుగా కర్రని పట్టేసుకుంది. ఓడ బుద్ధిగా నిటారయింది.

వెంటనే పెద్దమ్మ ఆ చెయ్యి లాక్కుని కొంగు కింద పెట్టేసుకుంది, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు. పట్టు తప్పిన ఓడ వెళ్లి గోడకి కొట్టుకుంది. ఇద్దరం పట్టించుకోలేదు.

"పెద్దమ్మా, నీది పుర్రచేతి వాటమా?" అన్నాను.

మావయ్య కళ్లు తెరిచి నవ్వాడు. "పుర్రచెయ్యేంటే? అక్క తినడం, రాయడం అన్నీ కుడిచేత్తోనే గదా." మావయ్య ఆవిడకి ఎంతో వెనకపుట్టినవాడు. తనకి తెలిసే అవకాశం లేదు.

గుమ్మం దగ్గర్నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. "పుట్టుక పుర్రచెయ్యే. నేనే మాన్పించేను."

మంచం మీద లేచి కూర్చుని, అడక్కుండానే చెప్పింది. తను ఊడుపులకి వెళ్లే రోజుల్లో పిల్లని వెంటబెట్టుకుని రైతుగారింటికి వెళ్లింది. ఆ ఇంటావిడ అరిసె ముక్క పెట్టబోతే పిల్ల ఎడమచెయ్యి చాపింది. ఆవిడ ముక్క వెనక్కి తీసేసుకుంది. పుచ్చుకోవడం కూడా తెలియని జనం అంది.

"మనల్ని అనడానికి ఆళ్లకి వంకలు తక్కువా? ఇంకోటి మనమే ఇవ్వడం ఎందుకని గుడ్డపేలిక పెట్టి ఆ చెయ్యి నడుముకి కట్టేసేను. అన్నానికీ బడికీ కుడిచెయ్యి. మానేదాకా ఇప్పలేదు."

మావయ్య ముందుకు వంగి కూర్చున్నాడు. పెద్దమ్మ తెర వైపే చూస్తోంది. నేను ఆవిడ ఒళ్లోని కర్రని తీసి చూశాను. బొటనవేలికి గుంట, వేళ్లకి మిట్టలు, అరచేతికి ఆనుడు, అన్నీ కుడిచేతికే. ఎడమచేత్తో పట్టుకుంటే ఆ మిట్టలు అరచేతిలో గుచ్చుకున్నాయి. మావయ్య షాపులో కుడిచేత్తో పట్టుకుని చూసి బాగుందనుకుని కొన్నాడు. ఏ చెయ్యి అని అడగాలని తనకీ తోచలేదు, నాకూ తోచలేదు. మా వైపు ఇచ్చినా, పుచ్చుకున్నా, తిన్నా చెయ్యంటే ఒకటే. రెండోదాన్ని లెక్కలో వెయ్యం.

మర్నాడు మా సెంటర్ బీరువా అడుగున ఉన్న పాత జాయ్‌స్టిక్ గుర్తొచ్చి అడిగాను. "ఆయ్, తీసుకెళ్లండి మేడమ్. అది ఎవరూ ముట్టుకోరండి," అన్నారు సెంటర్ నడిపేవారు. నిటారు పిడి, రెండు వైపులా ఒకటే తీరు, రెండే మీటలు, అడుగున మధ్యకి సవరించుకోడానికి రెండు చిన్న చక్రాలు. మావయ్య తెచ్చినదాని పక్కన పెడితే పేద చుట్టంలా ఉంది. నిజానికి ఆ పాత ఆటకి రెండు మీటలకి మించి అక్కర్లేదు. మిగతా మీటల్ని అది గుర్తుపట్టను కూడా పట్టదు.

స్టీలు పళ్లెం మీద దాన్నే గట్టిగా కట్టి, పెద్దమ్మ ఎడమచేతి వైపు పెట్టాను. వేగం పెంచే మీటలు కీబోర్డు కుడివైపు ఉండటంతో కుడిచేతికి ఆ పని సరిపోయింది. అన్నీ అమరాయి. పెద్దమ్మ మాత్రం చెయ్యి చాపలేదు. ఇంటి గుమ్మం దగ్గర తల్లి కూర్చుని ఉంది. పదో తరగతిని గడగడలాడించే మనిషి నా చెవి దగ్గర గొణిగింది.

"అమ్మ ఎదురుగుండా ఎలాగే?"

అమ్మమ్మకి చూపు మందగించింది గానీ చెవులు పాములవి.

"దాంతోటి ఎవరికన్నా అన్నం పెడతన్నావా? ఎవరి దగ్గరన్నా పుచ్చుకుంటన్నావా? లేదు గదా. మరింకేంటి? తిప్పు."

పెద్దమ్మ ఎడమచెయ్యి పిడి మీద వేసింది. మూలలకి తోసి, మధ్యలో వదిలింది. నేను చక్రాలు కొద్దిగా తిప్పాను. కూడిక గుర్తు గడి మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడింది.

తర్వాత చూసింది నేను ఎంత చెప్పినా తక్కువే. అన్నేళ్లుగా ఏ పనీ నేర్పని చెయ్యి, ఆవిడ తలలో ఉన్న లెక్కలన్నీ తెలిసినట్టు కదిలింది. ఎక్కడా కుదుపు లేదు, కంగారు లేదు. స్టేషన్ ఇంకా చిన్న చుక్కలా ఉండగానే ఇంజను ఆపేసి ఊరుకుంది. ఓడ తన ఊపున తను జారుతుంటే వేలికొసలతో చిటికెడంత ఇటు, చిటికెడంత అటు అని, స్టేషన్ తిరుగుతున్న జోరుకి ఓడని కూడా తిప్పి, గుమ్మం అంచుకి ఒరుసుకోకుండా లోపలికి తీసుకెళ్లి ఆపింది. నేను అరిచాను. మావయ్య చప్పట్లు కొట్టాడు. ఇంత చక్కని చేతిని మొద్దని నమ్ముతూ ఒక మనిషి యాభై ఏళ్లు బతికిందే అని నాకు ఏడుపొచ్చింది.

అమ్మమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో, పెద్దమ్మ కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. తెర వైపు చూడటం లేదు. బాగా వంగి, కూతురి ఎడమచేతినే దగ్గరగా చూస్తోంది.

"ఇంత పనిమంతురాలని నాకేం తెలుసు," అంది.

పెద్దమ్మ పిడి వదల్లేదు. తెర మీంచి చూపు తిప్పకుండానే, చిన్నపిల్లలా అడిగింది.

"అమ్మా, బళ్లో బోర్డు మీద కూడా దీంతోటే రాసుకోనా?"

"రాసుకో," అంది అమ్మమ్మ. "ఇప్పుడు నిన్నెవరంటారో నేనూ చూస్తాను."