పేరు పిలవని ఆమె

కొండవ్వ గొంతు గురించి సిద్దిపేట నేతగాళ్ల వాడలో చాలా కథలున్నాయి. కోమటి చెరువు కట్ట మీద ఆమె మేకను అదిలిస్తే బస్టాండులో డ్రైవర్లు బ్రేకు తొక్కేవారట. ఒకసారి ఆమె కోడలిని పిలిస్తే పక్క మూడు వాడల కోడళ్లు కూడా తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారట. నమ్మకపోతే మీ ఇష్టం, ఆ వచ్చిన కోడళ్లలో ఇద్దరు ఇంకా బతికే ఉన్నారు.

అంత గొంతు నలభై ఎనిమిదేళ్లలో ఒక్క మాట పలకలేదు. అది మొగుడి పేరు. ఆయన పేరు సిద్ధయ్య. పేరు ఒక్కటే అయితే ఫరవాలేదు, ఆ పేరు తగిలే మాటలు కూడా ఆమె నోట రావు. అందుకే కాపురమున్న ఊరిని కూడా వట్టి 'పేట' అనేది. ఒకసారి హైదరాబాదులో పేట బస్సు ఏదని అడిగితే, ఎవరో పుణ్యాత్ముడు రామాయంపేట బస్సు ఎక్కించాడు. అక్కడ దిగి, ఊరే తప్పు జాగలో ఉందని గంటసేపు కొట్లాడింది. ఊరి పేరు చెప్పకుండా మళ్లీ ఇంటికెలా చేరిందో మాత్రం ఇప్పటికీ ఎవరికీ చెప్పదు.

సిద్ధయ్యకు ఇది మురిపెం. మగ్గం గుంటలో కూర్చుని నలుగురూ వింటుండగా ఉడికించేవాడు. ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే గొల్లభామల అంచు చీర నేసిస్తానని ఆశపెట్టేవాడు. ఆమె లొంగలేదు. ఆయన నేసిన చీరలన్నీ వేరేవాళ్లు కట్టుకున్నారు.

రెండేళ్ల కింద ఆయన అంచులో పోగుల లెక్క తప్పాడు. తర్వాత మనుషుల లెక్క తప్పాడు. ఆపైన ఇంట్లో ప్రతి గుడ్డనుంచీ దారం లాగి, ఒకదానికొకటి అతుకు వేసి, తలుపు గొళ్లేన్ని నల్లాకు, నల్లాను గ్యాసు సిలిండరుకు కట్టడం మొదలుపెట్టాడు. అతుకు మాత్రం ఎక్కడా పిసరంత తప్పు లేదు. దవాఖానలో డాక్టరు మతిమరుపు జబ్బు అన్నాడు, పోయింది తిరిగి రాదు, ఇంకా పోతుంది అన్నాడు.

కొడుకు ఓంప్రకాశ్‌ది మోటార్లకు రాగి తీగ చుట్టే దుకాణం. కోడలు శ్వేత బట్టల షాపులో పని చేస్తుంది. పగలంతా ముసలాయనతో కొండవ్వ ఒక్కతే. కుకునూరుపల్లి దాటాక ఇలాంటివాళ్లను చూసుకునే ఆశ్రమం ఒకటి ఉందని ఓంప్రకాశ్ మెల్లగా కదిపాడు. కొండవ్వ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపలేదు.

"కాలిపోయిన మోటరుకు తీగ జుట్టి నడిపిస్తవ్. మీ బాపును మాత్రం పారేయమంటవారా?"

ఓంప్రకాశ్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆమె బింకానికి కారణముంది. సిద్ధయ్య కొడుకును నూలు సొసైటీ గుమాస్తా అనుకుంటున్నాడు, కోడలిని నర్సు అనుకుంటున్నాడు, అద్దంలో తనను చూసి కూర్చోమంటున్నాడు. కానీ కొండవ్వ గడపలోకి రాగానే, మా ఆమె వచ్చిందని సర్దుకుని కూర్చునేవాడు. లోకమంతా పోయినా తను ఒక్కతే మిగిలిందని ఆమె వాడంతా తిరిగి చెప్పుకుంది. గొప్పగానే చెప్పుకుంది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆమె దండెం మీద బట్టలు ఆరేసి వచ్చేసరికి ఆయన లేడు. వాడలో ఆటో నడిపే జానీ పాషాను పిలిచి, అతని ఆటోలో గల్లీలన్నీ వెతుక్కుంటూ హైదరాబాద్ రోడ్డెక్కింది. రోడ్డు నడిమధ్యలో ఉన్నాడు. ఏ లారీ మీదనుంచో జారిన ప్లాస్టిక్ తాడును వంగి వేళ్లకు చుట్టుకుంటున్నాడు. ఎదురుగా ఇంకో లారీ వస్తోంది.

'ఓంప్రకాశ్ బాపూ' అని కొండవ్వ అరిచింది. ఆయన తలలో ఓంప్రకాశ్ ఎక్కడున్నాడు? 'ఇగో, నిన్నే' అని అరిచింది. రోడ్డు మీద అందరూ తిరిగి చూశారు, ఆయన తప్ప. జానీ పాషా తాతా తాతా అని మొత్తుకుంటున్నాడు, అతనికి అంతకుమించి పేరు తెలియదు.

"పేరు పెట్టి పిలువు అవ్వా. పానం బోతది."

"సిద్ధయ్యా!"

లారీవాడు కూడా ఉలిక్కిపడి స్టీరింగు తిప్పాడంటారు. సిద్ధయ్య మాత్రం బడిలో హాజరు పిలిచినట్టు లేచి, తాడు చేత పట్టుకుని, తిన్నగా రోడ్డు పక్కకు నడిచి వచ్చాడు. కొండవ్వ ఆయన రెండు భుజాలూ పట్టుకుంది. ఆయన ఆమె చేతులను మర్యాదగా తీసేశాడు.

"ఎవలమ్మా నువ్వు?"

"నేనే. నీ పెండ్లాన్ని."

"కాదు. మా ఆమె నా పేరు పిల్వది."

ఆ రోజునుంచి సిద్ధయ్య అన్నం ముట్టలేదు. పరాయి ఆడది ఇంట్లో ఉంటే తన భార్య చూసి ఏమనుకుంటుందని ఆయన భయం. కొండవ్వ మళ్లీ ఇగో, అగో అంటూ పాత పద్ధతిలోకి పోయింది. తలుపు చాటునుంచి పలికింది, పెళ్లినాటి సంగతులు చెప్పింది. ఈమెకు అన్నీ ఎవరో చెప్పి పంపారని ఆయన ఇంకా బిగుసుకున్నాడు. కొడుకు పెట్టినా, ఆమె ఇంట్లో ఉన్నంతసేపు ముద్ద మింగలేదు. మూడో రోజు ఆమె ఎదురింటి అరుగు మీదికి పోయి కూర్చుంది. అప్పుడు తిన్నాడు. కిటికీలోంచి చూస్తే, రెండు ముద్దలు కంచంలో పక్కకు పెట్టి ఉంచాడు, మా ఆమె వస్తుందని.

కొండవ్వకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. నలభై ఎనిమిదేళ్లు ఈ మనిషి పేరు పెదవి దాటకుండా కాచింది. ప్రాణం కాపాడడానికి ఒక్కసారి వాడితే, అదే మాట పట్టుకుని ఈ మనిషి ఆమెను ఇంట్లోంచి గెంటాడు. పైగా ఆమె పట్ల నీతి తప్పకూడదనే పస్తులుంటున్నాడు. ఇక ఇంట్లో ఆయనైనా ఉండాలి, ఆమె అయినా ఉండాలి. ఆమె లేకపోతే పగలు ఆయనకు ఎవరు కడుగుతారు, ఎవరు తలుపు కాస్తారు?

చూసి వద్దామని మాత్రమే చెప్పి, ఆయనను తీసుకుని కొడుకుతో ఆశ్రమానికి బయలుదేరింది. ఆటోలో కూడా ఆయనకు దూరంగా, జానీ పాషా పక్కన ముందు సీట్లో కూర్చుంది.

అక్కడ పని చేసే యోబు అనే నడివయసు మనిషి సిద్ధయ్యా రా, తిందాం అని పిలిచాడు. ఆయన లేచి పోయి, పప్పన్నం కంచం నిండా తిన్నాడు. ఏమీ పక్కకు పెట్టలేదు. ఓంప్రకాశ్ కాగితాలు పట్టుకుని తల్లి ముఖం చూశాడు. భార్య సంతకం కావాలన్నారు. కొండవ్వ అటు తిరిగి, ఇంటికి తీసుకుపోదామా, అరుగు మీదనే బతుకుదామా అని లెక్కేసుకుంటూ నిలబడింది.

సిద్ధయ్య చెయ్యి కడుక్కుని నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, నువ్వు పేటకే పోతున్నవా?"

"పోతున్న."

"మా ఆమెకు ఒక మాట చెప్పు. నా పేరు పిలిచెటామె ఒకామె ఇంట్ల జొచ్చింది. ఎల్లగొట్టుమను."

కొండవ్వ ఆయన చొక్కా మీద అంటిన పప్పు మెతుకును గోటితో తీసింది. ఈసారి ఆయన ఆమె చేతిని తోసెయ్యలేదు.

"ఎల్లగొడ్తది," అంది. "ఇయ్యాల్నే ఎల్లగొడ్తది."

ఆయన నిశ్చింతగా యోబు వెనక వెళ్లిపోయాడు. ఆమె కొడుకు చేతిలోంచి కాగితం లాక్కుని, వేలు ఎక్కడ పెట్టాలో చూపించమంది.