డేనిష్ పొంగణాల పెనం

ఈ రోజు అరోరాలో ఒక పాత సామాన్ల షాపులో ఇనప పొంగణాల పెనం కనిపించింది. మన పెనం ఈ దేశానికెలా వచ్చిందబ్బా అని ఆశ్చర్యపోతుంటే, షాపు పెద్దావిడ అది డేనిష్ పాన్‌కేక్‌లదని చెప్పింది. అవీ మన పొంగణాల్లాగే గుండ్రంగా ఉంటాయట. నేను పక్కనున్న కొత్త పెనం తీయబోతే ఆపింది.

“నో హనీ, అది గరుకు. పిండి అంటుకుంటుంది. పాతదాంట్లో వేలు పెట్టి చూడు.”

గుంతలన్నీ నున్నగా ఉన్నాయి. ఎవరింట్లోనో ఎన్ని వాయిలు పోస్తే అంత నునుపు వచ్చిందో!

“ఇంట్లో ఎంతమంది?” అనడిగింది.

“వచ్చేపోయేవాళ్లు చాలామందే” అనేశాను. వచ్చేది డెలివరీ అతనొక్కడే, అదీ గుమ్మం దాకానే.

సాయంత్రం దోసెల పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి పోశాను. ఒక్కటీ అంటుకోలేదు. స్టవ్ దగ్గర నిలబడే వాయి మొత్తం తినేసి, గరిటె పట్టుకుని, అలవాటుగా వెనక్కి తిరిగి “ఇంకో వాయి వేయనా?” అన్నాను. హాల్లో ఎవరూ లేరని తెలుసు. అయినా అడిగాను.

దగ్గర్లో ఉన్నవాళ్లెవరైనా కామెంట్లో జవాబు చెప్పండి. పెనం ఇంకా వేడిగానే ఉంది.