పడవవాడికి ఆకలేసింది

మా బడిలో పద్యాల మాస్టారికి ఒక్కటే జబ్బు. ఎదుటివాళ్లు నోరు తెరిస్తే చాలు, "అది సరే, నీకేమనిపించింది?" అంటారు. పన్ను పీకిన డాక్టర్నీ వదల్లేదు. "నా పన్ను చూస్తే మీకేమనిపించిందండీ?" అని నోట్లో దూదితోనే అడిగారు. ఆ డాక్టరు ఇప్పటికీ నన్ను చూస్తే తల తిప్పుకుంటాడు. తీసుకెళ్లింది నేనే మరి.

పిల్లల వ్యాసంలో గైడు వాసన వచ్చిందా, సున్నా. "ఇది గైడుకి అనిపించింది, మార్కులు గైడుకే వేస్తాను," అని కాగితం తిరిగిచ్చేవారు. హెడ్మాస్టరుకు గుండెదడ పట్టుకుంది.

"మాస్టారూ, రేపు తనిఖీ. పిల్లలు గైడులో ఉన్నట్టు చెప్పకపోతే పదో తరగతి మీ దగ్గర్నుంచి తీసేస్తాను. తర్వాత నన్నని లాభం లేదు."

ఈయన ఊరుకోవచ్చుగా! "తీసేస్తుంటే మీకేమనిపిస్తుందండీ?" అన్నారు. లెక్కలు చెప్పుకునే నేను పక్కనే ఉండి తల పట్టుకున్నాను. పదో తరగతి లేకపోతే ఈ మనిషి బతకలేడు.

మర్నాడు తనిఖీ అధికారి నేరుగా పదో తరగతికే వచ్చారు. ఆయనకు నవ్వు నిషేధం కాబోలు. హెడ్మాస్టరూ నేనూ గోడకు అతుక్కుపోయాం. అధికారి ఏరు దాటించే పడవవాడి పద్యం తీసి, చివరి బెంచీ పిల్లను లేపి భావం చెప్పమన్నారు. గైడు ప్రకారం ఏరు జీవితం, పడవవాడు దేవుడు. ఆ ఒక్క ముక్కా అనమ్మా అని లోలోపల దండం పెట్టుకున్నాను.

"పడవవాడికి ఆకలేస్తోందనిపించింది సార్. పొద్దుట్నుంచీ అందర్నీ దాటిస్తున్నాడు. తిన్నావా అని ఒక్కళ్లూ అడగలేదు."

హెడ్మాస్టరు నుదురు తుడుచుకున్నారు. మా మాస్టారి మొహం మాత్రం వెలిగిపోతోంది.

"గైడు చదవలేదా?" అధికారి గొంతు పెంచారు.

"లేదు సార్. మాలో సగంమంది కొనలేరు. ముందు చదివిన బళ్లో గైడు లేనోళ్లని నిలబెట్టేవాళ్లు. ఇక్కడ మాస్టారు గైడు అసలెవర్నీ తేవద్దన్నారు. అందుకని ఎవరికి లేదో ఎవరికీ తెలీదు."

ఈ సంగతి నాకూ తెలియదు. ఇన్నేళ్లూ ఆయన్ని పిచ్చిమనిషి అనుకునే ఇష్టపడ్డాను. ఇప్పుడు గౌరవంతో గోడ వదిలి నిటారుగా నిలబడ్డాను. ఆయనేమో దొంగతనం బయటపడ్డట్టు కిటికీలోంచి చూస్తున్నారు.

అధికారి పద్యం మళ్లీ చదువుకుని మెల్లగా బెంచీ మీద కూర్చున్నారు.

"ఆకలి కాదమ్మా. వాడికి కోపం వచ్చింది."

"కాదు సార్, ఆకలే!"

"మూడో పాదం చూడు, తెడ్డు ఎలా కొట్టాడో!"

"ఆకలేస్తే అలాగే కొడతారు సార్!"

క్లాసు రెండు జట్లయింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. హెడ్మాస్టరు వంగి, "సార్, ఈ పదో తరగతి వేరే మాస్టారికి..." అని గొణిగారు.

"ఎవర్నీ మార్చడానికి వీల్లేదు. ఈ పిల్ల ఒప్పుకునేదాకా క్లాసు ఆయనదే!" అన్నారు అధికారి.

ఆ పిల్ల ఒప్పుకునే రకం కాదు.