మూడు నెలలంటే ఎన్ని రోజులు

మా తమ్ముని చిన్నబిడ్డ సౌదీలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. పోయిన వారం సెలవు మీద లక్సెట్టిపేటకు వచ్చి, వరండాలో నా పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుండగా ఆమె ఫోను చిన్నగా మోగింది. తిరిగి వెళ్ళడానికి ఇచ్చిన గడువు ఇంకా నలభై ఒక్క రోజులుందని ఆ ఫోనే గుర్తు చేస్తుందట. నాకు చూపించింది. ఇంగ్లీషు తేదీ ఒక వరుసలో, దాని కింద అక్కడివాళ్ళ హిజ్రీ తేదీ ఇంకో వరుసలో, పక్కన మిగిలిన రోజులు. అలవాటు మానలేక నేను వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టి చూశాను, నలభై ఒక్కటే. సరిగ్గానే ఉందని చెప్పేసరికి ఆమె నవ్వి, "నువ్వు సరే అన్నంక ఇగ ఫికర్ లేదత్తా. అయినా నేను ఐదు రోజుల ముందే పోత. మా బాపు తీరు బస్సు తప్పి ఇంట్ల కూసునుడు నాతోని కాదు" అంది.

పరిహాసానికే అంది. ఆమె తండ్రిని మా వాడలో ముప్పై ఏళ్ళకు పైగా 'బస్సు తప్పినోడు' అనే పిలిచారు. పోయిన ఏడాది వాణ్ణి సమాధి చేసిన రోజున కూడా, సమాధుల తోట గేటు దగ్గర నిలబడిన వాళ్ళలో ఎవరో, "ఎవలు, బస్సు తప్పినాయననా?" అని అడగడం నా చెవిన పడింది. విని ఊరుకున్నాను. అంతకుముందు ముప్పై ఏళ్ళూ ఊరుకున్నట్టే.

నా వయసు వాళ్ళకు, ముఖ్యంగా మా చెన్నూరు, మెట్‌పల్లి వైపు నుంచి గల్ఫుకు పోయి వచ్చిన వాళ్ళకు, అప్పటి కాగితాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడి మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పన్నెండేళ్ళు చేసి, ముప్పై ఆరో ఏట నేను సౌదీకి వెళ్ళాను. నేను వెళ్ళిన ఏడో నెలలో అదే ఆసుపత్రి లాండ్రీలో మా తమ్మునికి పని దొరికింది. నివాస కార్డు ఎప్పటితో అయిపోతుంది, ఏ తేదీలోగా కొత్తది రావాలి, జీతం పడే అక్కడి బ్యాంకు ఖాతా నుంచి ఇక్కడి ప్రవాసి ఖాతాకు డ్రాఫ్టు ఎలా పంపాలి, ఆ ఖాతాకూ మామూలు ఖాతాకూ ఏం తేడా, వడ్డీకి పన్ను ఉందా లేదా, ఇవన్నీ చదువు రాని మనుషుల మెడకు చుట్టుకున్న తాళ్ళు. నాకు తేదీలంటే చిన్నప్పటి నుంచి ఇష్టం. ఒక పొడుగు నోటుపుస్తకంలో మా తమ్మునివి రాసి పెట్టుకుంటే, చూసి లాండ్రీలోని మిగతా వాళ్ళు కూడా తమవి రాయమన్నారు. ఆడవాళ్ళ హాస్టలుకు మగవాళ్ళు రాకూడదు గనుక, వాడు ఉతికిన దుప్పట్ల బండి తోసుకుంటూ నా వార్డుకు వచ్చినప్పుడు ఆ దుప్పట్ల మడతల్లో పదిమంది పాస్‌పోర్టులు, బ్యాంకు కాగితాలు వచ్చేవి. నేను నింపి, సాయంత్రం మాసిన గుడ్డల మూటతో పాటు తిరిగి పంపేదాన్ని. వాళ్ళు నన్ను తారీకుల సిస్టరమ్మ అనేవాళ్ళు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు కొంచెం గర్వంగా ఉండేది. దాచి ఏం లాభం, బాగానే గర్వంగా ఉండేది.

నేను వెళ్ళి పద్నాలుగు నెలలైన సమయానికి, ఏప్రిల్ చివరలో, మా అవ్వ, అంటే మా అమ్మ, బావి దగ్గర జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. తమ్ముని భార్యకు నెలలు నిండుతున్నాయి. అవ్వను ఎత్తి కూర్చోబెట్టే మనిషి లేదు. నాకు సెలవు రాదు. బతిమాలుకుంటే వాడికి ఇచ్చారు. మే రెండో తేదీన ఆసుపత్రి ఆఫీసు గుమాస్తా వాడి పాస్‌పోర్టులో వెళ్ళి రావడానికి వీసా వేయించి నా చేతికిచ్చి, మూడు నెలలు అన్నాడు. ముద్ర మీద ఉన్నదంతా అరబ్బీ. అంకెలు నాకు అప్పటికే వచ్చు; అయినా చూడలేదు. మే రెండు నుంచి మూడు నెలలంటే ఆగస్టు రెండు, తొంభై రెండు రోజులు. నోటుపుస్తకంలో ఎర్రసిరాతో రాసి, ఒక చీటీ మీద తెలుగులో 'ఆగస్టు 2 వరకు' అని రాసి పాస్‌పోర్టుకు గుండుసూదితో గుచ్చాను. మా వార్డులో పెద్ద నర్సు, పదేళ్ళుగా అక్కడే ఉన్న ఆమె, వాళ్ళ క్యాలెండరుతో కూడా ఒకసారి సరిచూసుకోమంది. తేదీల విషయంలో నేను పొరపాటు చేయనని ఆమెకు చెప్పాను. ఈ మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

నిజానికి నాకు జీతం ఇంగ్లీషు నెలలకే వచ్చేది. నా కాగితాలన్నీ ఆఫీసే చూసుకునేది. చంద్రుణ్ణి బట్టి నెల సాగుతుందని, వాళ్ళ మూడు నెలలంటే ఎనభై ఎనిమిదో, ఎనభై తొమ్మిదో రోజులేనని నాకు తెలియక కాదు. రంజాను ఏటేటా వెనక్కి జరుగుతుందని మెట్‌పల్లి సంతకు పోయే ప్రతి మనిషికీ తెలుసు. తెలిసిన దాన్ని పనిలో పెట్టలేదు, అంతే.

జూలై పద్దెనిమిదిన వాడు లక్సెట్టిపేట ఫోను బూతు నుంచి హాస్టలుకు ఫోను చేశాడు. అప్పటికి బిడ్డ పుట్టి నెల దాటింది, ఈ చిక్కుడుకాయల పిల్లే. వాడి గొంతులో ఏదో తొందర.

"అక్కా, మెట్‌పల్లి ఆయన ఒకాయన ఇరవై నాలుగు నాడు పోతుండు. ఆయనెంబడి నేను గూడ వస్త. ఒక్కన్ని బొంబాయిల పరేషాన్ అయిత."

నిమిషానికి ఎంత అవుతుందో తెలుసు గనుక నేను తొందరగానే మాట్లాడాను. అవ్వకు ఇరవై ఎనిమిదిన కట్టు విప్పుతారు, ఆ రోజు నువ్వు ఉండాలి. ముప్పై ఒకటిన విమానం ఎక్కితే ఇంకా రెండు రోజులు చేతిలో ఉంటాయి, అన్నాను. వాడు, "ఇంకోసారి చూడరాదు అక్కా" అన్నాడు. చూసేదేముంది, లెక్క నాది, అని గదమాయించాను. పెద్దదాన్ని కదా. వాడు సరే అన్నాడు.

ఆ ఇరవై ఎనిమిదిన కట్టు విప్పించుకుని వచ్చి, సాయంత్రం వాకిట్లో మంచం మీద కూర్చున్న అవ్వ ఆకాశం వైపు చూసి ఒక మాట అందని నాకు తర్వాత మా మరదలు చెప్పింది. అవ్వ ఆదివారం చర్చి తప్పేది కాదు గానీ, విత్తనాలైనా, బర్రె ఈనడమైనా చందమామతోనే లెక్కపెట్టేది. "నువ్వచ్చిన నాటి చందమామ మల్ల అయితున్నది బిడ్డా. మూడు నెలలు నిండవట్టె. గడువు దాటదా?" అందట. వాడు నవ్వి, "అక్క రాసిచ్చింది అవ్వా. అక్క లెక్క తప్పుతదా?" అన్నాడట.

మరుసటి రోజు వాడు మెట్‌పల్లి పోయి బొంబాయి బస్సెక్కాడు. బస్సు ఏ టీ దుకాణం దగ్గరా వాణ్ణి వదిలిపోలేదు. ముప్పయ్యో తేదీ సాయంత్రానికి బొంబాయి చేర్చింది. ఏజెంటు గదిలో పది మందితో పాటు నేల మీద పడుకున్నాడు. వాడి వీసాకు చివరి రోజు అదే. మరునాడు పొద్దున విమానాశ్రయంలో కౌంటరు దగ్గరి మనిషి ముద్ర చూసి, నిన్నటితో అయిపోయిందని పక్కకు నిలబెట్టాడు.

అక్కడి నుంచే ఫోను చేశాడు. నేను నమ్మలేదు. వాళ్ళకు చదవడం రాదు, మళ్ళీ వెళ్ళి అడుగు, అని కసిరాను. వాడు వెళ్ళి అడిగి మళ్ళీ ఫోను చేశాడు. ఆ మధ్యలో ఉన్న పావుగంటలో నేను హాస్టలు వంటగది గోడకున్న హిజ్రీ క్యాలెండరు ముందు నిలబడి ఉన్నాను. రెండోసారి ఫోను ఎత్తి, తప్పు నాదేనని చెప్పాను. వాడి వెనక ఎవరో సామాన్లు ఈడుస్తున్న చప్పుడు వినబడింది.

"అవ్వకు చెప్పకు అక్కా" అన్నాడు. "అక్కడ మంది అంతా నీ తారీకుల మీదనే నడుస్తుండ్రు. నేనేదో ఒకటి చెప్పుకుంట తియ్యి."

ఇంటికి పోయి, దారిలో చాయ తాగడానికి దిగితే బస్సు పోయిందని, దానితో విమానం తప్పిందని, వీసా కూడా దాటిపోయిందని చెప్పాడు. ఊరు నమ్మింది. ఊరు నవ్వింది. "చాయ మస్తుగుండెనారా, మూడేండ్ల నౌకరంత?" అని మిల్లు దగ్గర అడిగేవాళ్ళట. సెలవు మీద వెళ్ళి గడువులోగా తిరిగి రాని వాళ్ళను మూడేళ్ళ దాకా మళ్ళీ రానివ్వరు. నేను ఆఫీసు గుమాస్తాను, లాండ్రీ గుత్తేదారును, అందరినీ బతిమాలాను. ఒక్క రోజే కదా అని. ఒక్క రోజైనా, ఏడాదైనా ఒకటే అన్నారు. వాడి చివరి నెల జీతం అక్కడి ఖాతాలో ఉండిపోతే, వాడి సంతకంతో ఉత్తరం తెప్పించి నాలుగు నెలలు తిరిగి తీసుకొచ్చాను. సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే డబ్బు మాత్రం రాలేదు.

ఆ డిసెంబరులో నాకు సెలవు దొరికి వచ్చినప్పుడు, బ్యాంకులో వాడి ప్రవాసి ఖాతాను మామూలు ఖాతాగా మార్చే దరఖాస్తు నా చేత్తోనే నింపాను. తిరిగి వచ్చి స్థిరపడిన తేదీ రాయమని ఒక గడి. ఏ తేదీ రాయాలి? మే నాలుగున బొంబాయిలో దిగాడు, కానీ అప్పుడు తిరిగి పోవలసిన మనిషి. జూలై ముప్పై ఒకటిన ఇక పోలేని మనిషి అయ్యాడు. ఇన్‌కం టాక్సు వాళ్ళకు ఏడాది ఏప్రిల్‌తో మొదలవుతుంది. ఆ లెక్కన నవంబరు ఒకటికి వాడు ఇక్కడ ఉన్న రోజులు నూట ఎనభై రెండు నిండాయి, పన్ను లెక్కలో కూడా ప్రవాసి కాకుండా పోయాడు. పన్ను పడేంత వడ్డీ ఏమీ లేదు. అయినా కూర్చుని లెక్కపెట్టాను. అప్పుడు మాత్రం మూడుసార్లు సరిచూశాను. వాడు పక్కనే బెంచీ మీద కూర్చుని, నేను వేలు పెట్టిన చోటల్లా సంతకం చేశాడు. ఒక్క కాగితం కూడా చదివి చెప్పమనలేదు.

ఆ తర్వాత నేను ఇంకో పదకొండేళ్ళు అక్కడ పనిచేశాను. రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకోకుండా ఎవరి తేదీ రాయలేదు, ఎవరి గడువూ దాటనివ్వలేదు. దుప్పట్ల బండి తోసే మనిషి మారాడు గానీ కాగితాలు వస్తూనే ఉన్నాయి. నన్ను నమ్మిన ప్రతి మనిషీ మా తమ్ముడు నోరు మూసుకున్నందువల్లనే నమ్మాడు. వాడు రైసు మిల్లులో బస్తాలు మోశాడు. మూడేళ్ళు నిండాక నేను కొత్త వీసాకు డబ్బు పంపుతానంటే, "ఇగ వద్దక్కా, నడుము పట్టేసింది" అన్నాడు. పిల్లలను నా డబ్బుతో చదివించనిచ్చాడు, అంతవరకే. అవ్వ చనిపోయే దాకా వాణ్ణి తిడుతూనే ఉంది, చాయకు కక్కుర్తి పడ్డావని. నేను సెలవు మీద వచ్చినప్పుడల్లా అది విన్నాను. వాడు నా వైపు చూసేవాడు కాదు. నాకు ఇబ్బంది కలగకూడదని చూసేవాడు కాదు.

పోయిన వారం చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, లోపలికి పోయి పెట్టె తెరిచి వాడి పాత పాస్‌పోర్టు తెచ్చాను. వాడు పోయాక వాడి బట్టల కింద దొరికింది. నా చీటీ ఇంకా దానికే ఉంది, గుండుసూది తుప్పు పట్టి. ఆ పేజీ తెరిచి మేనకోడలి చేతిలో పెట్టి, ఈ ముద్ర మీది తేదీ నీ ఫోనులో కొట్టి చూడమన్నాను. ఆమె అరబ్బీ అంకెలు గడగడా చదివి, సఫర్ నెల పది, అని వేలితో నొక్కింది. రెప్పపాటులో జూలై ముప్పై అని వచ్చింది. ఆమె చీటీ చూసింది. అక్షరాలు నావని ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఆమె ఫీజు కాగితాలన్నీ ఆ అక్షరాలతోనే నిండేవి.

"అంటే బాపు బస్సు తప్పలే" అంది.

అప్పుడు ఆమెకు మొత్తం చెప్పాను. అయిపోయాక, "అవ్వకు ఎరుకనా?" అని అడిగింది, వాళ్ళమ్మ గురించి. తెలియదన్నాను. పాస్‌పోర్టు తీసుకుని లేచి, చీటీ ఊడదీసి చాటలో కాయల మీద పెట్టి, ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండుసార్లు వచ్చింది, అన్నం తిన్నది, మామూలుగానే మాట్లాడింది. తేదీ చూడమని మాత్రం అడగలేదు.

అడగనక్కరలేదు కూడా. ఈ కాలం పిల్లలకు గడువు ఫోనే చెబుతుంది, డబ్బు కూర్చున్న చోటి నుంచే పోతుంది, ఏ ఏడాదిలో ఎన్ని రోజులు ఎక్కడున్నారో విమానం టికెట్లే లెక్క చెబుతాయి. ఒక మనిషి లెక్క మీద ఇంకో మనిషి బతుకు ఆధారపడనక్కరలేదు. మంచిదే. మనం పడ్డ పాట్లు వాళ్ళు పడకూడదు. అయినా ఆ దుప్పట్ల బండి చప్పుడు, మడతల్లోంచి కాగితాలు తీసి వాడు నా ముందు పెట్టి, చదవలేని ఆ పేజీల వైపు కాక నా ముఖం వైపు చూసే చూపు, ఇప్పుడు ఎవరూ ఎవరినీ అలా చూడనక్కరలేదు కదా అనిపిస్తుంది.

మా వాడ వాళ్ళెవరైనా ఇది చదివితే ఒక్క సంగతి దిద్దుకోండి. ఆ జూలై ముప్పయ్యో తేదీ సాయంత్రం మా తమ్ముడు బొంబాయిలోనే ఉన్నాడు. నేను చెప్పిన రోజుకు ఒక రోజు ముందే చేరుకున్నాడు.