గాలికి కట్టిన కిరాయి

కొరియర్ కౌంటర్ దగ్గర నేను అరిచిన అరుపు విజయనగరం కోట దాకా వినబడిందని మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తాడు. అరవనా మరి? పెట్టెలో ఉన్నవి నాలుగు సోడి బిస్కెట్లు, అంటే రాగి బిస్కెట్లు. బరువే లేదు. వాళ్లు మాత్రం టేపు పెట్టి పెట్టె పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచి, దాన్నిబట్టి చార్జీ చెప్పారు. బిస్కెట్ల ధరకంటే అదే ఎక్కువ.

నేను విశాఖలో పెరిగాను. పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి, అత్తయ్య వంటింట్లో ఓ మూల ఒవెన్ పెట్టుకున్నాను. ఊళ్లో ఆర్డర్లు స్కూటర్ మీద ఇచ్చొచ్చేదాన్ని. ఇదే మొదటి దూరపు ఆర్డర్. గరివిడిలో ఒకావిడ, బెంగళూరులో ఉన్న కూతురి సీమంతం సారెలోకి, నేరుగా అక్కడికే పంపమని అడిగింది. శాంపిల్ పెట్టెకి చార్జీ ఎంతో ఫోన్లో చెప్పగానే ఆవిడ గొంతు మారిపోయింది.

"అంత కర్సు పెట్టనేనమ్మా. అలాగని ఒక్కటి ఇరిగినా సారెలో పంచనేం, వియ్యపురాలి ముందు పరువు పోతాది. రేపటికల్లా ఏటో ఒకటి సెప్పు. లేదంటే లడ్డూలు పట్టుకెళ్లిపోతాను."

ఇంటికొచ్చి పెట్టె బల్ల మీద పడేశాను. అత్తయ్య మూత తీసింది. రిబ్బను, గుట్టగా రంగు కాయితాల తురుము, అడుగున పువ్వు ఆకారం బిస్కెట్లు.

"ఇదేటే? సగం కాళీగానే ఉన్నాది. గాలికి కూడా కిరాయి కడతన్నావేటే?"

"ఫోటోలో బాగుంటుంది అత్తయ్యా!"

"అయితే పోటోయే పంపీ. కర్సుండదు."

ఒళ్లు మండింది. విసురుగా గదిలోకి వెళ్తే, అలమరలో గాజుల పెట్టె కనబడింది. గాజులు గాజువే కదా, ఒకదానికొకటి ఆనించి కాయితంలో బిగుతుగా చుడితే ఎంత దూరమైనా వస్తాయి. విరిగేది ఖాళీ ఉన్నప్పుడే.

ఆ సాయంత్రమే పువ్వుల అచ్చు పక్కన పెట్టి, స్టీలు గ్లాసు అంచుతో పిండిని గుండ్రంగా కోశాను. కాల్చి చల్లార్చి, గాజుల్లా దొంతరలు చుట్టి, చిన్న పెట్టెలో నిలబెట్టాను. మూలల్లో మరమరాల పొట్లాలు కుక్కాను. మేడ మెట్ల మీంచి పెట్టెని కిందికి విసిరాను.

"ఒసే, మతి పోనాదేటే!" అని అత్తయ్య కేకేసింది.

విప్పి చూపించాను. ఒక్కటి కూడా విరగలేదు. వీడియో తీసి గరివిడి ఆవిడకి పంపాను. మర్నాడు అదే కౌంటర్లో అదే టేపు పెట్టారు. చార్జీ సగానికి సగం పడిపోయింది. ఆవిడ ఒప్పుకుంది.

సీమంతమయ్యాక ఫోన్ చేసింది. "అన్నీ సుబ్బరంగా ఉన్నాయమ్మా! మా వియ్యపురాలు మరమరాలు కూడా పంచీసింది!"

అత్తయ్య నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "మరేటనుకున్నారు? మా కోడలు గాలి పంపదు, సరుకే పంపుతాది."

ఆ మాట రికార్డు చేద్దామంటే, ఫోన్ అత్తయ్య చేతిలోనే ఉండిపోయింది.