మూడు రోజుల యార్క్

యార్క్ నగరం చుట్టూ ఉన్న పాత కోటగోడ మీద మనుషులు నడవవచ్చు. ఒక చుట్టు తిరగడానికి రెండు గంటలు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి తోడుంటే మూడు. ఇంగ్లండులో ఉన్న ఆ ఊరి గురించి ఈ సంగతి నేను మెదక్‌లో, బాలికల హాస్టల్ వెనక ఒంటిగది క్వార్టర్‌లో, నులక మంచం మీద కూర్చుని తెలుసుకున్నాను.

మోకాళ్ల నొప్పులు మా దొరసానమ్మవి. ఆమె వయసులో ఉన్నప్పుడే ఇంగ్లండు నుంచి వచ్చి ముప్పై ఏళ్లకు పైగా మా బడిని నడిపింది. పదవీ విరమణ అయ్యాక తన ఊరు యార్క్‌కు తిరిగి పోయి అప్పటికి నాలుగేళ్లు. నన్ను ఐదేళ్లప్పుడు దవాఖానవాళ్లు ఆ హాస్టల్లో వదిలిపెట్టిపోయారు. మా అమ్మ మిషన్ దవాఖానలో పోయింది, నన్ను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. నాకు అక్షరాలు దిద్దించింది, తలలో పేలు దువ్వింది, లెక్కలు తప్పితే చెవి మెలిపెట్టింది, చివరికి అదే బడిలో టీచరును చేసింది దొరసానమ్మే. ఆమెను అమ్మా అని పిలవాలని ఎన్నిసార్లు అనిపించిందో లెక్కలేదు. ఒక్కసారీ పిలవలేదు.

ఆమె తెలుగు శంకరంపేట చుట్టుపక్కల పల్లెలు తిరిగి నేర్చుకున్నది. పుస్తకాల తెలుగు ఆమెకు రాదు. ఉత్తరాలు కూడా అట్లాగే రాసేది: "ఏం పిల్లా, మంచిగున్నవా? ఏడుపాయల కాడ మంజీర నిండిందా?" గుండ్రటి పెద్ద పెద్ద అక్షరాలు, నీలం ఏరోగ్రాం అంచులదాకా. నెలకు ఒకటి వచ్చేది. అది వచ్చిన రోజు నేను క్లాసులో ఎవరినీ తిట్టేదాన్ని కాదు. పిల్లలు అది కనిపెట్టి, పోస్టు మనిషి గేటు దాటి లోపలికి వస్తుంటే సంబరపడేవాళ్లు.

ఆ ఏడు హాలెండులో క్రైస్తవ ఉపాధ్యాయినుల సభ ఒకటి జరుగుతుందని, మా సంఘం నుంచి ఒకరిని పంపమని ఉత్తరం వచ్చింది. మిగతా టీచర్లందరికీ ఇళ్లు, పిల్లలు. హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి, "నీకేం అడ్డమున్నదమ్మా, పిల్లా జెల్లా లేకపాయె. నువ్వు పోయిరా" అన్నది. పొగడ్తో దెప్పిపొడుపో తెలియక థాంక్స్ చెప్పి వచ్చాను. నాకు ముప్పై ఎనిమిదేళ్లు, అప్పటిదాకా హైదరాబాదు దాటలేదు. సభ పది రోజులు. ఆ తర్వాత ఏదైనా ఊరు చూసి వస్తామంటే మూడు రోజులు ఇస్తామని ఆ కాగితంలోనే ఉంది. నేను చూడాలనుకున్నది ఊరిని కాదు. అయినా "యార్క్ అనే చారిత్రక నగరాన్ని దర్శించుటకు" అని రాసి ఆఫీసులో ఇచ్చాను.

దొరసానమ్మ జవాబు తొందరగానే వచ్చింది. "రా పిల్లా. మూడొద్దులంటే మస్తు. మా ఊరు మొత్తం జూపిస్త." వెనక పెన్సిలుతో గీసిన పటం: గోడ, నది, పెద్ద చర్చి, సందులు.

అది ఎండాకాలం. హాస్టల్ పిల్లలందరూ ఊళ్లకు పోయారు. సెలవుల్లో ఆ ఆవరణ ఎట్లా ఉండేదో చెప్పినా నమ్మరు. గంట మోగదు, బావి దగ్గర గొడవ ఉండదు, మధ్యాహ్నం వడగాలికి కిటికీ రెక్క ఒకటే కొట్టుకుంటుంది. ఒక్కోసారి నా గొంతు నాకు వినిపించి రెండు రోజులయ్యేది. అందుకని యార్క్ పని పెట్టుకున్నాను. ఆమె పటాన్ని డ్రాయింగ్ షీటు మీద పెద్దగా గీసి గోడకు అంటించి, బడి టైంటేబుల్ వేసినట్టు మూడు రోజులకు గళ్లు గీశాను.

మొదటి రోజు గోడ. అరగంటకోసారి ఆమె కూర్చోవాలి కాబట్టి ఎక్కడెక్కడ కూర్చునే చోటు ఉందో అడిగి రాయించుకున్నాను. "మన ఖిల్లా అంత ఎత్తు లేదు, పరేషాన్ గాకు" అని రాసింది. రెండో రోజు పెద్ద చర్చి. "మన చర్చిల అద్దాల కిటికీలు మూడే. గీడ లెక్కబెట్టవోతే మెడ నొస్తది. పొద్దుగాలనే పోదాం, వెలుగు మంచిగుంటది." మధ్యాహ్నం ఒక సందు: రెండు వైపుల ఇళ్లూ పైకి పోయినకొద్దీ ముందుకు వంగి ఉంటాయట. "ఈ ఇంటామె ఉప్పు అడిగితే ఆ ఇంటామె కిటికీలకెళ్లే ఇయ్యొచ్చు." మూడో రోజు ఉదయం నది ఒడ్డు. అక్కడ బాతులు మనుషులకు భయపడవట.

ఆమె రాసినవన్నీ గళ్లలో పడ్డాయి. ఆమె రాయనివి కొన్ని నేనే వేసుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం ఆమె వంటింట్లో పచ్చిపులుసు చేయాలి, అదంటే ఆమెకు ప్రాణం. మూడు రోజులూ ఆమె మంచం పక్కన చాప వేసుకుని పడుకోవాలి. చాప ఇక్కడి నుంచే తీసుకుపోవాలా, అక్కడ దొరుకుతుందా అని కూడా ఆలోచించాను. ఆమె ఇంట్లో ఉంటానని ఆమెకు రాయలేదు. ఎందుకు రాస్తాం? మనవాళ్ల ఇంటికి పోతూ "మీ ఇంట్లో దిగొచ్చా" అని అడిగేవాళ్లు మెదక్‌లో లేరు.

హాస్టల్లో వంట చేసే పెద్దమ్మకు ఈ గళ్లన్నీ చదివి వినిపించేదాన్ని. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాకు అన్నం పెట్టిన మనిషి. నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట! ఇంక ఇమానమే ఎక్కలే, అప్పుడే పచ్చిపులుసు కలుపుతున్నవ్" అని నవ్వేది. నవ్వుతూనే చింతపండు గింజలు తీసి ఎండబెట్టింది, మిరంపొడి దంచింది, నువ్వులు వేయించి పొడి కొట్టి డబ్బాలో పోసింది. ఆ పని అయ్యాక రేగోడ్‌లో ఉన్న తన చెల్లెలి ఇంటికి పది రోజులకని పోయింది.

బజారులో కనిపించినవాళ్లందరూ అడిగేవాళ్లు. దొరసానమ్మను ఎరగనివాళ్లు ఎవరున్నారు?

"ఆడ ఎక్కడుంటవ్ టీచరమ్మా?"

"ఎక్కడుంటనేంది? మా దొరసానమ్మ ఇంట్ల."

ఈ మాట అనడం నాకు ఎంత ఇష్టంగా ఉండేదంటే, అవసరం లేకపోయినా బజారుకు పోయేదాన్ని.

పెద్దమ్మ ఊళ్లో లేనప్పుడే ఆ ఏరోగ్రాం వచ్చింది. అన్ని కబుర్ల మధ్య ఒక మాట: "నీకు పండుకునేతందుకు గెస్ట్‌హౌస్‌ల గది జెప్పిన. నా కాడికెళ్లి ఐదు నిమిషాల నడక. అది నడిపేటామె మంచిది, పొద్దున నాష్తా గూడ వెడ్తది."

మూడుసార్లు చదివాను. వేరే అర్థం ఏదీ దొరకలేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని సత్రానికి పంపితే మా వైపు ఆ చుట్టరికం తెగినట్టే లెక్క. ఇన్నేళ్లూ నేను ఎవరికీ ఏమీ కానని లోపల ఎక్కడో తెలుసు, దాన్ని ఆమె తన చేత్తో రాసి, స్టాంపు వేసి పంపినట్టు అనిపించింది. నాకు ముక్కు మీదే కోపం. ఆరోజు పక్కన ఒక మాట చెప్పేవాళ్లు కూడా లేరు. షీటు గోడ మీది నుంచి పీకేశాను. ఆ పూటే ఆఫీసుకు పోయి, యార్క్ వద్దు, సభ కాగానే తిరిగి వచ్చేట్టు టికెట్ మార్చమని రాసిచ్చాను. దొరసానమ్మకు నాలుగు లైన్లు రాశాను: సెలవు దొరకలేదు, తమరు శ్రమ తీసుకోవద్దు, గది రద్దు చేయగలరు. "తమరు" అని నేను ఆమెకు ఎన్నడూ రాయలేదు. నొప్పి పెట్టాలనే రాశాను.

పెద్దమ్మ తిరిగి వచ్చి ఖాళీ గోడ చూసి అడిగింది. చెప్పాను. నా వైపే మాట్లాడుతుందనుకున్నాను.

"గంతేనా?" అన్నది. "నువ్వామెను ఒక్కనాడన్న నీ ఇంట్ల పండవెట్టుకున్నవా?"

"ఆమె దొరసాని. నా ఇంట్ల ఎట్ల పంటది?"

"అన్ని ఏండ్లు ఈడ్నే ఉండె గదనే. ఎవరింటికి వోయినా బడికెళ్లి కుర్చీ దెచ్చి ఏసిండ్రు, పింగాణి కప్పు ఏరేగ వెట్టిండ్రు, ఆమె తాగేదాంక అందరు నిలవడ్డరు. మల్ల ఆమె బంగ్లకు తోలిండ్రు. నువ్వు గూడ తోల్నవు, జరమొచ్చిన నాడు. యాదిలేదా?"

ఉంది. నేను టీచరైన కొత్తలో జ్వరంతో పడి ఉంటే దొరసానమ్మ సాయంత్రం చూడవచ్చింది. వాన పట్టుకుంది, బంగ్లా దారంతా నీళ్లు. "ఈడ్నే పంట పిల్లా, చాప సాలు" అన్నది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఉన్నది ఒక్క కుంగిన మంచం, పైన కారే పెంకులు. అయ్యో వద్దమ్మా అని, పెద్దపిల్లలిద్దరిని పిలిచి గొడుగులిచ్చి ఆమెను పంపించాను. గడప దిగి వెనక్కి తిరిగింది. "నిజంగనే పొమ్మంటవా?" అన్నది. పరాచికమనుకుని నవ్వాను.

మర్యాద చేశామనుకున్నాం అందరం. పెద్దమ్మ చెప్పేదాకా దాని అసలు పేరు నాకు తెలియలేదు. ఆమెను ఎవరమూ లోపలికి రానివ్వలేదు.

మర్నాడు ఆఫీసు తలుపులు తీయకముందే పోయి నిలబడ్డాను. గుమాస్తా కుర్చీ చూపించాడు. "కూసోండ్రి టీచరమ్మా. టికెట్లిచ్చే బొంబాయోళ్లకు పోయినవారమే టెలిగ్రామ్ కొట్టినం. టికెట్ మారిపాయె. మల్ల మార్చమంటే ఆ మీటింగుకే సీటు దొర్కదంటుండ్రు. మీరే గద మార్చుమన్నరు?" నేనే అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో.

బయలుదేరడానికి వారం ముందు దొరసానమ్మ ఉత్తరం వచ్చింది. అక్షరాలు ఎప్పటిలాగా అంచులదాకా లేవు.

"కోపమొచ్చింది గదా పిల్లా. నాకు ఇల్లు లేదు. ముసలోళ్ల హోమ్‌ల ఒక్క గది ఇచ్చిండ్రు. ఒక మంచం, ఒక అల్మారా. రాత్రి బయటోళ్లను ఉండనియ్యరు. కింద చాప ఏస్తనని రెండుసార్లు అడిగిన, వద్దన్నరు. మూడోసారి అడగబుద్ధి గాలే. నీకు జెప్పనీకి సిగ్గైంది, మీరంత నాకు పెద్ద ఇల్లున్నదనుకుంటరు. పొద్దున లేస్తే చీకటి వడేదాంక నాతోనే ఉంటవు గదా అనుకున్న."

జవాబు రాశాను. తప్పు నాదేనని రాశాను, వానరోజు సంగతీ రాశాను. అది చేరేలోపు నేను విమానమెక్కాను.

సభలో ఏం మాట్లాడారో నాకు పెద్దగా గుర్తులేదు. ఆఖరి రోజు మిగతా దేశాల ఆడవాళ్లు మూడు రోజుల సెలవుకు తలా ఒక ఊరికి బయలుదేరారు. నన్ను విమానాశ్రయంలో దించారు. గోడ మీద పెద్ద పటం ఉంది. హాలెండుకూ ఇంగ్లండుకూ నడుమ నా బొటనవేలు వెడల్పు సముద్రం. వేలు పెట్టి చూశాను. నా విమానం పిలిచారు, పోయి ఎక్కాను.

మెదక్‌లో నా టికెట్ మారిన సంగతి గుమాస్తాకూ పెద్దమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆదివారం ఆరాధన కాగానే చర్చి మెట్ల దగ్గర జనం చుట్టుముట్టారు. "దొరసానమ్మ మంచిగున్నదా?" దొరసానమ్మ పురుడు పోయించిన ఒక ముసలామె నా చేయి పట్టుకుని ఏడుస్తోంది. పోలేదని చెప్పాలనే నోరు తెరిచాను.

"మంచిగున్నది" అన్నాను.

ఆ తర్వాత ఆగలేదు. గోడ మీద ఎక్కడెక్కడ కూర్చున్నామో, చర్చిలో కిటికీలు లెక్కపెట్టబోతే మెడ ఎట్లా నొచ్చిందో, వంగిన ఇళ్లు, ఉప్పు, భయపడని బాతులు, అన్నీ చెప్పాను. నా గళ్లలో ఉన్నది ఉన్నట్టు. ఒక్క తప్పూ పోలేదు. పచ్చిపులుసు రెండుసార్లు పోసుకుందని చెబితే అందరూ మురిసిపోయారు. పెద్దమ్మ వెనక నిలబడి వింటోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు ఆ ముసలామె కళ్లు తుడుచుకుని అడిగింది. "నిన్ను సూడంగనే ఏమన్నది బిడ్డా?"

అందరూ నా మొహం వైపు చూస్తున్నారు. ఆ గడి నేను గీసుకోలేదు. ఏడుపొచ్చింది. అది చూసి వాళ్లే ఏదో అనుకుని, నా వీపు నిమిరి, సంతోషంగా ఇళ్లకు పోయారు. మళ్లీ అటు పోయే అవకాశం నాకు రాలేదు, ఆమె కూడా ఎక్కువ కాలం లేదు. ఆ ఊరి వీధులు ఈ వయసులో కూడా కళ్లు మూసుకుని చెప్పగలను. నన్ను చూసి ఆమె ఏమనేదో మాత్రం నాకు తెలియదు.